హెర్బర్ట్ చాప్‌మన్: సాదాసీదా ఆటగాడు గొప్ప మేనేజర్ ఎలా అయ్యారు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ అభిమానులకు మన దగ్గర కొదవ లేదు. ఆ క్లబ్ మాజీ మేనేజర్ వెంగర్ గురించి కదిలిస్తే గంటలు మాట్లాడతారు. చాప్‌మన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ట్రోఫీల లెక్క చెప్పి ఆపేస్తారు. నాకైతే ట్రోఫీలకు ముందున్న కథే అసలు కథ అనిపిస్తుంది. పేరు రాని ఆటగాడిగా ఊరూరా తిరగడం, ఓ చిన్న క్లబ్‌లో పని నేర్చుకోవడం, ఫుట్‌బాల్ నుంచి పూర్తిగా వెలివేతకు గురికావడం. వీటిలోంచే ఆ మేనేజర్ పుట్టారు. అందుకే ఈ పేజీలో వాటికి ఎక్కువ చోటిచ్చాను.

చాప్‌మన్ ఎవరు? ముందు రెండు ముక్కల్లో చెప్పండి.

ఇంగ్లండ్‌లో 1878 జనవరి 19న పుట్టి, 1934 జనవరి 6న చనిపోయిన ఫుట్‌బాల్ ఆటగాడు, మేనేజర్. హడర్స్‌ఫీల్డ్ టౌన్‌ని, ఆర్సెనల్‌ని తొలిసారి లీగ్ విజేతలుగా నిలబెట్టింది ఆయనే. జట్టును ఎంపిక చేయడం, ఆటగాళ్లను కొనడం, ఎత్తుగడ వేయడం ఇవన్నీ ఒకే మనిషి చూసుకోవాలన్న పద్ధతి ఇంగ్లండ్‌లో స్థిరపడటానికి ఆయనే ముఖ్య కారకుడు.

ఆటగాడిగా ఆయన ఏ స్థాయివాడు?

మధ్యరకం. ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఇంగ్లండ్ తరఫున ఎన్నడూ ఆడలేదు. పెద్ద పతకమేదీ గెలవలేదు. సొంత తమ్ముడు హ్యారీ షెఫీల్డ్ వెన్స్‌డే తరఫున 1903, 1904లో వరుసగా రెండుసార్లు లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంట్లో ఆటగాడంటే హ్యారీయే.

పుట్టింది షెఫీల్డ్ దగ్గర కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊరు. తండ్రి గని కార్మికుడు. ఆ ఊళ్లో మగపిల్లాడు పెద్దయితే గనిలోకి దిగాల్సిందే. హెర్బర్ట్‌కి చదువు అబ్బింది. షెఫీల్డ్ టెక్నికల్ స్కూల్లో మైనింగ్ ఇంజనీరింగ్ చదివారు. అక్కణ్ణుంచి ఆటా ఉద్యోగమూ రెండూ ఒకదాన్ని ఒకటి లాగుతూనే ఉన్నాయి. స్టేలీబ్రిడ్జ్, రోచ్‌డేల్, గ్రిమ్స్‌బీ, స్విండన్, షెప్పీ యునైటెడ్, వర్క్‌సాప్, నార్తాంప్టన్, షెఫీల్డ్ యునైటెడ్, నాట్స్ కౌంటీ, మళ్లీ నార్తాంప్టన్, చివరికి టాటెన్‌హామ్. కొన్నిచోట్ల జీతం లేని అమెచ్యూర్‌గా, కొన్నిచోట్ల ప్రొఫెషనల్‌గా ఆడారు. క్లబ్ మారి కొత్త ఊరికి వెళ్తే అక్కడ ఉద్యోగం కూడా వెతుక్కోవాలి. అది దొరక్కపోతే మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలి.

ఆయన స్థానం ఇన్‌సైడ్ ఫార్వర్డ్, అంటే ముందువరసలో నడిమి ఆటగాడికి పక్కన ఆడేవాడు. గొప్ప నైపుణ్యం లేకపోయినా చెమటోడ్చి ఆడే రకం. నాట్స్ కౌంటీ ఆయన్ను డబ్బు పెట్టి కొనుక్కుని, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మ్యాచ్‌లే ఆడించింది. జనానికి గుర్తుండిపోయిందల్లా టాటెన్‌హామ్‌లో ఆయన వేసుకున్న లేత పసుపు తోలు బూట్లు. ముదురు రంగు బూట్ల గుంపులో ఆ ఒక్క జత ఎంత దూరం నుంచైనా కనిపించేది.

ఇన్ని క్లబ్బుల్లో ఆడటాన్ని చాలామంది వైఫల్యంగానే రాస్తారు. నేను ఒప్పుకోను. ఒక్కో క్లబ్ ఎలా నడుస్తుందో, డైరెక్టర్లు ఎలా తగాదా పడతారో, ఆటగాడికి చెప్పేవాడు లేక ఎలా తెల్లమొహం వేస్తాడో లోపల ఉండి చూసినవాడు ఆ కాలంలో ఆయనంత మరొకరు అరుదు.

ఆ రోజుల్లో ప్రొఫెషనల్ ఆటగాడి బతుకు ఎలా ఉండేది?

డబ్బు తీసుకుని ఆడటాన్ని ఇంగ్లండ్‌లో 1885లో చట్టబద్ధం చేశారు. చాప్‌మన్‌కి అప్పుడు ఏడేళ్లు. 1901 నుంచి వారానికి 4 పౌండ్లు మించి ఇవ్వకూడదని గరిష్ఠ జీతం పెట్టారు. మామూలు కార్మికుడితో పోలిస్తే అది మంచి సంపాదనే గానీ ముప్పై ఐదేళ్లు దాటితే సున్నా. పైగా క్లబ్ వదిలితే తప్ప ఆటగాడు ఇంకో క్లబ్‌కి వెళ్లలేడు. గరిష్ఠ జీతం నిబంధన 1961 దాకా కొనసాగింది. చాప్‌మన్ చేతిలో ఇంజనీరింగ్ చదువు ఉంది కాబట్టి ఆట మానేస్తే ఏం తినాలన్న భయం లేదు. 1907లో ఆయన మానేద్దామనే అనుకున్నారు.

మరి మేనేజర్ ఎలా అయ్యారు?

అనుకోకుండా. నార్తాంప్టన్ టౌన్ అప్పటికి సదరన్ లీగ్‌లో వరుసగా రెండేళ్లు అట్టడుగున నిలిచింది. వాళ్లు మేనేజర్‌గా రమ్మని పిలిచింది టాటెన్‌హామ్‌లో చాప్‌మన్ తోటి ఆటగాడైన వాల్టర్ బుల్‌ని. బుల్ తర్వాత మనసు మార్చుకుని, నా బదులు చాప్‌మన్‌ని తీసుకోండని చెప్పాడు. అలా 29 ఏళ్ల వయసులో ఆటగాడు-మేనేజర్‌గా నార్తాంప్టన్ వెళ్లారు. రెండో సీజన్‌కే, అంటే 1908-09లో, ఆ అట్టడుగు జట్టు సదరన్ లీగ్ గెలిచింది.

నా ఉద్దేశంలో ఆయన జీవితమంతటికీ కీలకమైన సంగతి ఇక్కడే జరిగింది. నార్విచ్‌తో ఓ మ్యాచ్‌లో నార్తాంప్టన్ ఆసాంతం దాడి చేస్తూనే ఉంది, చివరికి ఓడిపోయింది. ఆటగాళ్లు దురదృష్టం అనుకుని వదిలేశారు. చాప్‌మన్ వదల్లేదు. మనం ముందుకు తోసుకుపోయే కొద్దీ ఎదుటివాళ్లంతా గోల్ ముందు గుమిగూడుతున్నారు, దూరడానికి సందు ఉండట్లేదు, పైగా మన వెనక అంతా ఖాళీ అని లెక్క తేల్చారు. దాడి కూడా మరీ ఎక్కువసేపు చేయకూడదు, ఎదుటివాడిని కొంచెం ముందుకు రానివ్వాలి, అప్పుడు వాడి వెనక చోటు దొరుకుతుంది. పాతికేళ్ల తర్వాత ఆర్సెనల్ ఎదురుదాడి చూసి జనం నోరెళ్లబెట్టారు. దాని మూలం నార్తాంప్టన్‌లో ఓడిపోయిన ఆ మ్యాచ్.

లీడ్స్ సిటీ గొడవ ఏమిటి? ఆయన్ను నిజంగానే నిషేధించారా?

నిజమే, జీవితకాలం నిషేధించారు.

1912లో చాప్‌మన్ రెండో డివిజన్‌లో ఉన్న లీడ్స్ సిటీకి వెళ్లారు. ఆ జట్టును 1913-14లో నాలుగో స్థానానికి తెచ్చారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లీగ్ ఆగిపోయింది. ఊరి జట్లు ప్రాంతీయ మ్యాచ్‌లు ఆడుకునేవి, ఎక్కడెక్కడి ఆటగాళ్లో అతిథులుగా వచ్చి ఆడేవారు. వాళ్లకు ఖర్చులు తప్ప డబ్బు ఇవ్వకూడదని నిబంధన. 1916లో చాప్‌మన్ లీడ్స్ దగ్గర బార్న్‌బోలోని ఆయుధ కర్మాగారంలో మేనేజర్‌గా చేరి, యుద్ధం ముగిసేదాకా అక్కడే పనిచేశారు.

యుద్ధం అయ్యాక చార్లీ కోప్‌లాండ్ అనే ఆటగాడికీ క్లబ్‌కీ జీతం దగ్గర పేచీ వచ్చింది. లీడ్స్ సిటీ యుద్ధకాలంలో అతిథి ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చిందన్న సంగతి అతని ద్వారా అధికారుల దాకా వెళ్లింది. లెక్కల పుస్తకాలు చూపించమని అడిగితే క్లబ్ ఇవ్వలేదు. దాంతో 1919 అక్టోబర్‌లో, సీజన్ మధ్యలోనే, లీడ్స్ సిటీని లీగ్ నుంచి గెంటేశారు. మిగిలిన మ్యాచ్‌లు పోర్ట్ వేల్ అనే క్లబ్‌కి ఇచ్చేశారు. అక్టోబర్ 17న లీడ్స్‌లోని మెట్రోపోల్ హోటల్లో ఆటగాళ్లను వేలం వేశారు. క్లబ్ సామగ్రితో పాటే మనుషుల్ని కూడా! ఒక్కరోజులో జట్టంతా వేర్వేరు క్లబ్బుల పాలైంది. మొత్తం వచ్చింది 9,250 పౌండ్లు.

క్లబ్ అధికారులతో పాటు చాప్‌మన్ మీదా నిషేధం పడింది. అప్పటికే ఆయన క్లబ్ వదిలేసి సెల్బీలో ఓ కర్మాగారంలో ఉద్యోగం చేసుకుంటున్నారు. ఆ ఉద్యోగమూ తర్వాత పోయింది. హడర్స్‌ఫీల్డ్ క్లబ్ ఆయన్ను తీసుకోవాలనుకుని అండగా నిలబడింది. అక్రమ చెల్లింపులు జరిగినకాలంలో తాను క్లబ్‌లో లేనని, బార్న్‌బోలో ఉన్నానని ఆయన వాదించుకున్నారు. నిషేధం ఎత్తేశారు.

ఆయనకు ఏమీ తెలియదా? ఆ పుస్తకాలు బయటపడలేదు కాబట్టి ఇటూ అటూ తేల్చి చెప్పడం ఎవరివల్లా కాదు. అభిమానం కొద్దీ ఆయన్ను పూర్తి నిర్దోషి అనడం, కోపం కొద్దీ దొంగ అనడం, రెండూ తొందరపాటే.

హడర్స్‌ఫీల్డ్‌లో ఏం చేశారు?

ముందు ఆ ఊరి పరిస్థితి తెలియాలి. అది రగ్బీ ఊరు. 1919లో ఫుట్‌బాల్ క్లబ్‌ను ఏకంగా లీడ్స్‌కి తరలించేయాలని యజమానులు చూశారు. ఊరి జనం చందాలు పోగుచేసి నిలుపుకున్నారు. అలాంటి క్లబ్‌కి 1921లో చాప్‌మన్ ముందు సహాయకుడిగా, కొద్దికాలానికే మేనేజర్‌గా వచ్చారు.

ఆయన మొదట చేసిన పని ఆస్టన్ విల్లా నుంచి క్లెమ్ స్టీఫెన్‌సన్‌ను తేవడం. అతనికి ముప్పై ఏళ్లు దాటాయి, పని అయిపోయిందని విల్లా అనుకుంది. చాప్‌మన్‌కి కావాల్సింది పరుగు కాదు, బుర్ర. 1922లో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘమైన ఎఫ్‌ఏ నడిపే నాకౌట్ పోటీ) వచ్చింది, ఫైనల్లో ప్రెస్టన్ మీద 1-0. 1923-24లో లీగ్ వచ్చింది.

ఆ లీగ్ ముగింపు గురించి ఎంత చెప్పినా తక్కువే. చివరి రోజుకి కార్డిఫ్ ఒక పాయింట్ ముందుంది. హడర్స్‌ఫీల్డ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌ని 3-0తో గెలిచింది. కార్డిఫ్ బర్మింగ్‌హామ్‌లో పెనాల్టీ వృథా చేసుకుని 0-0తో సరిపెట్టుకుంది. ఇద్దరికీ 57 పాయింట్లు. హడర్స్‌ఫీల్డ్ 60 గోల్స్ కొట్టి 33 ఇచ్చింది, కార్డిఫ్ 61 కొట్టి 34 ఇచ్చింది. కొట్టిన గోల్స్‌ని ఇచ్చిన గోల్స్‌తో భాగించే పద్ధతి అప్పట్లో ఉండేది. తేడా 0.024! ఇప్పటిలా తీసివేసి చూస్తే ఇద్దరికీ 27 వచ్చేది, ఎక్కువ గోల్స్ కొట్టిన కార్డిఫ్ గెలిచేది. తర్వాతి ఏడాది అంత ఉత్కంఠ అవసరం రాలేదు. ఆ సీజన్ మొత్తంలో ఏ ఒక్క లీగ్ మ్యాచ్‌లోనూ హడర్స్‌ఫీల్డ్ రెండు గోల్స్‌కి మించి ఇవ్వలేదు.

గెలుస్తున్న జట్టును వదిలి ఆర్సెనల్ ఎందుకు వెళ్లారు?

జీతం ఏడాదికి 2,000 పౌండ్లు, అంటే దాదాపు రెట్టింపు. లండన్, పెద్ద జనం. 1925లో ఆర్సెనల్ 20వ స్థానంలో ఉంది, ఒక్క కప్పు కూడా లేదు. ఛైర్మన్ హెన్రీ నార్రిస్ పత్రికలో ఇచ్చిన ప్రకటనలో, భారీ ట్రాన్స్‌ఫర్ సొమ్ము పోసి జట్టు కట్టేవాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని ఉంది. చాప్‌మన్ వచ్చిన తర్వాత ఆ షరతు ఏమైందో కింద చెబుతాను.

డబ్ల్యూ-ఎమ్ అంటే ఏమిటి? దాన్ని కనిపెట్టింది ఆయనేనా?

ఆటగాళ్లను మైదానంలో నిలబెట్టే ఒక అమరిక. కనిపెట్టింది ఆయన ఒక్కరే కాదు. కానీ దాన్ని పూర్తి యంత్రంగా బిగించింది ఆయనే.

1925 దాకా ఆఫ్‌సైడ్ (ఎదుటి గోల్‌కి మరీ దగ్గరగా ఉండి బంతి అందుకునే తప్పు) కాకుండా ఉండాలంటే, ముందుకు బంతి అందుకునే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు కనీసం ముగ్గురుండాలి. రక్షణ చేసేవాళ్లకు ఇది వరం. ఒక బ్యాక్ (వెనక కాపలా కాసే ఆటగాడు) కాస్త ముందుకు జరిగితే చాలు, దాడి ఆగిపోయేది. మ్యాచ్‌లు విసుగు పుట్టిస్తుండటంతో 1925 వేసవిలో ఆ ముగ్గుర్ని ఇద్దరు చేశారు. గోల్స్ వరద మొదలైంది. మొదటి డివిజన్‌లో ఒక సీజన్‌లో 1,192 ఉన్నవి తర్వాతి సీజన్‌లో 1,703 అయ్యాయి.

అప్పటి అమరిక ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌లు, అన్నిటికన్నా ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. మధ్యలో ఉండే సెంటర్ హాఫ్ దాడికీ రక్షణకూ ఇరుసు. కొత్త నిబంధనతో అతని వెనక పెద్ద ఖాళీ ఏర్పడింది. సండర్లండ్ నుంచి చాప్‌మన్ తెచ్చుకున్న చార్లీ బుకాన్, సెంటర్ హాఫ్‌ని ఇద్దరు బ్యాక్‌ల మధ్యకి దించమని సీజన్ మొదటి నుంచీ పోరుతున్నాడు. 1925 అక్టోబర్ 3న న్యూకాసిల్‌లో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. ఆ సాయంత్రం హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. జాక్ బట్లర్‌ని వెనక్కి దించాలని తేలింది. అప్పుడు మైదానం మధ్యలో మనిషి తగ్గుతాడు కదా, అక్కడికి ఒక ఇన్‌సైడ్ ఫార్వర్డ్ దిగిరావాలి. ఆ పని తానే చేస్తానన్నాడు బుకాన్. చాప్‌మన్ ఒప్పుకోలేదు, గోల్స్ కొట్టేవాడు ముందే ఉండాలి. మూడో జట్టులో ఆడుతున్న ఆండీ నీల్‌ని పిలిచారు. నీల్ వేగంగా పరుగెత్తలేడు, కానీ బంతి కాలికి తగిలితే అక్కడే ఆగిపోతుంది, పాస్ తిన్నగా వెళ్తుంది. రెండు రోజుల తర్వాత వెస్ట్ హామ్ మీద 4-0 గెలుపు.

అయిడియా బుకాన్‌ది, ఇంకొన్ని క్లబ్బులు కూడా ఆ దారిలో ప్రయత్నిస్తున్నాయి. చాప్‌మన్ గొప్పతనం, ఆ తర్వాత ఐదేళ్లు ఓపిగ్గా ఒక్కో స్థానానికి తగిన మనిషిని వెతకడంలో ఉంది. హర్బీ రాబర్ట్స్ వెనక నిలబడి తల, కాలు అడ్డం పెట్టడం తప్ప మరో ఆలోచన పెట్టుకునేవాడు కాదు. ఇద్దరు బ్యాక్‌లు పక్కలకు జరిగి, ఎదుటి జట్టులో అంచుల వెంట ఆడే వింగర్లను పట్టుకునేవారు. అలెక్స్ జేమ్స్ మధ్యలో బంతి అందుకుని ముప్పై నలభై గజాల పాస్ వదిలితే, క్లిఫ్ బాస్టిన్, జో హ్యూమ్ గీత పట్టుకుని వెళ్లకుండా గోల్ వైపు కోసుకుంటూ దూరేవారు. ముందున్న ఐదుగురి వరస W లా, వెనకున్న ఐదుగురి వరస M లా కనిపిస్తుంది, పేరు అలా వచ్చింది. 1930-31లో ఈ జట్టు 66 పాయింట్లు, 127 గోల్స్‌తో లీగ్ గెలిచింది.

డబ్బు కుమ్మరించి గెలిచాడంటారు. నిజమా?

సగం నిజం. 1928లో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ని 10,890 పౌండ్లకు కొన్నారు. అంతకుముందు ప్రపంచంలో ఏ ఆటగాడికీ పది వేలు పలకలేదు. ఆ బేరం గురించి, అప్పట్లో చాప్‌మన్ సహాయకుడైన బాబ్ వాల్ తర్వాత చెప్పిన సంగతి సరదాగా ఉంటుంది. బోల్టన్ వాళ్లు రాకముందే చాప్‌మన్ హోటల్ వెయిటర్‌ని పిలిచి, అతిథులకు డబుల్ పెగ్గులు పొయ్యి, మా ఇద్దరి గ్లాసుల్లో మాత్రం మద్యం కలపకు అని చెప్పి ఉంచారట. బోల్టన్ అడిగింది 13,000. ఎంత తగ్గించారో చూడండి.

అలెక్స్ జేమ్స్‌కి 8,750 పౌండ్లు. గరిష్ఠ జీతం నిబంధన వల్ల జేమ్స్‌కి ఎక్కువ ఇవ్వడం కుదరదు కాబట్టి సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో ఏడాదికి 250 పౌండ్ల పక్క ఉద్యోగం కుదిరింది. ఇవి చూసే ఆర్సెనల్‌ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ క్లబ్ అని ఎత్తిపొడిచారు.

మిగతా సగం కూడా చూడాలి. హర్బీ రాబర్ట్స్ వచ్చింది ఆస్వెస్ట్రీ అనే చిన్న ఊరి నుంచి, 200 పౌండ్లకు. తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన ఎడ్డీ హాప్‌గుడ్ కెటరింగ్ నుంచి 950కి. బాస్టిన్‌కి అప్పుడు 17 ఏళ్లు, ఎక్సెటర్ తరఫున ఆడుతున్నాడు. చాప్‌మన్ ఆ మ్యాచ్‌కి వెళ్లింది ఎదుటి జట్టులో ఇంకో ఆటగాణ్ణి చూడటానికి. చూపు బాస్టిన్ మీద పడింది. చెక్కు రాసేవాళ్లు అప్పుడూ చాలామంది ఉన్నారు. ఆ చూపు ఉన్నవాళ్లు తక్కువ.

మేనేజర్ ఉద్యోగాన్నే మార్చేశారంటారు. అంతకుముందు ఎలా ఉండేది?

చాలా క్లబ్బుల్లో డైరెక్టర్లు కూర్చుని జట్టును ఎంపిక చేసేవారు. సెక్రటరీ ఉత్తరాలు, టికెట్లు చూసేవాడు. ట్రైనర్ పరుగెత్తించేవాడు. ఎలా ఆడాలన్నది ఆటగాళ్ల ఇష్టం. చాప్‌మన్ జట్టు ఎంపికలో ఎవర్నీ వేలు పెట్టనివ్వలేదు. నార్రిస్ ఉన్నంతకాలం ఘర్షణ తప్పలేదు గానీ, 1920ల చివర్లో ఆర్థిక అవకతవకల మీద ఎఫ్‌ఏ నార్రిస్‌ను ఫుట్‌బాల్ నుంచి తప్పించాక ఆయనకు అడ్డు లేకుండా పోయింది.

వారం వారం ఆటగాళ్లను మైదానం నమూనా ఉన్న బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ ఎందుకు నిలబడాలో వాళ్ల చేతనే చెప్పించేవారు. గాయంతో ఆట మానేసిన టామ్ విట్టేకర్‌ని శరీర చికిత్స చదివించి ట్రైనర్‌ని చేశారు. తరవాతి కాలంలో విట్టేకర్ కూడా ఆర్సెనల్ మేనేజర్ అయ్యాడు.

జెర్సీ నంబర్లు, ఫ్లడ్‌లైట్లు, మెట్రో స్టేషన్: ఇవన్నీ నిజంగా ఆయన చేసినవేనా?

కొన్ని చేశారు, కొన్ని చేద్దామంటే అధికారులు పడనివ్వలేదు. 1928 ఆగస్టులో షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచ్‌లో ఆర్సెనల్ నంబర్లతో దిగింది, అదే రోజు చెల్సీ కూడా దిగింది. పెద్దలు ఒప్పుకోలేదు. బెల్జియంలో దీపాల వెలుగులో ఆట చూసి వచ్చి, 1932లో కట్టిన కొత్త వెస్ట్ స్టాండ్‌కి లైట్లు పెట్టించారు. సాధన వరకే వాడుకోనిచ్చారు, అధికారిక మ్యాచ్‌లకు 1950ల దాకా దారి దొరకలేదు. 45 నిమిషాల గడియారం పెట్టిస్తే రిఫరీ అధికారానికి భంగమన్నారు, మామూలు గడియారంగా మార్చాల్సి వచ్చింది. ఎర్ర జెర్సీకి తెల్ల చేతులు 1933లో వచ్చాయి.

స్టేషన్ కథ నిజమే. గిలెస్పీ రోడ్ అనే భూగర్భ రైల్వే స్టేషన్ పేరును ఆర్సెనల్‌గా మార్చమని రైల్వే వాళ్ల చుట్టూ తిరిగి 1932లో సాధించారు. టికెట్లు, మ్యాపులు, బోర్డులు అన్నీ మార్చాలి మరి. వాటన్నిటికీ రైల్వేని ఒప్పించడం ఓ ఫుట్‌బాల్ మేనేజర్ పని అని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

ఆయన ఘోరంగా ఓడిన మ్యాచ్ ఏది?

1933 జనవరి, ఎఫ్‌ఏ కప్, వాల్‌సాల్ చేతిలో 0-2. మూడో డివిజన్ జట్టది. కొందరు ఆటగాళ్లు జ్వరాలతో పడితే కుర్రాళ్లను దింపారు. పెనాల్టీకి కారణమైన టామీ బ్లాక్‌ని వారం తిరిగేలోగా ప్లిమత్‌కి అమ్మేశారు. నాకు చాప్‌మన్‌లో నచ్చని సంగతి ఇదొక్కటి. దింపింది ఆయన, బలైంది కుర్రాడు.

ఇంగ్లండ్ జట్టుకు మేనేజర్‌గా చేశారా?

ఆ పదవే అప్పుడు లేదు, కమిటీ జట్టును ఎంపిక చేసేది. 1933 మేలో జట్టుతో పాటు ఇటలీ, స్విట్జర్లండ్ వెళ్లి ఆటగాళ్లతో ఎత్తుగడలు మాట్లాడే బాధ్యత తీసుకున్నారు. రోమ్‌లో 1-1, తర్వాత స్విట్జర్లండ్ మీద 4-0.

ఎలా చనిపోయారు?

పని మానలేక. 1934 జనవరి 1న బ్యూరీలో ఒక మ్యాచ్ చూశారు, మర్నాడు షెఫీల్డ్‌లో ఇంకోటి. సొంతూరు కివెటన్ పార్క్‌లో రాత్రి ఉండి, జలుబుతో లండన్ వచ్చారు. డాక్టర్ వద్దన్నా గిల్డ్‌ఫర్డ్‌లో మూడో జట్టు మ్యాచ్‌కి వెళ్లారు. మూడో జట్టు! అక్కడ ఇంకో ఆండీ నీల్ ఉంటాడేమోనని చూసే మనిషి మరి. న్యుమోనియా కమ్మింది. 6వ తేదీ తెల్లవారుజామున పోయారు, వయసు 55. ఆ మధ్యాహ్నమే ఆర్సెనల్ షెఫీల్డ్ వెన్స్‌డేతో ఆడి 1-1 డ్రా చేసుకుంది. హెండన్ చర్చి శ్మశానంలో సమాధి చేశారు. జాక్, హాప్‌గుడ్, హ్యూమ్, లాంబర్ట్, బాస్టిన్, జేమ్స్ శవపేటిక మోశారు.

మొత్తం ఎన్ని గెలిచారు?

మేనేజర్‌గా నాలుగు లీగ్ టైటిళ్లు (1924, 1925, 1931, 1933), రెండు ఎఫ్‌ఏ కప్పులు (1922, 1930). నార్తాంప్టన్ సదరన్ లీగ్ అదనం. 1930 కప్ ఫైనల్ ఆయన పాత జట్టు హడర్స్‌ఫీల్డ్ మీదే గెలిచారు, ఆయన గౌరవార్థం రెండు జట్లూ పక్కపక్కన నడిచి మైదానంలోకి వచ్చాయి.

హడర్స్‌ఫీల్డ్ ఆయన వెళ్లాక 1926లో వరుసగా మూడో లీగ్ గెలిచింది. ఆర్సెనల్ ఆయన పోయాక 1934, 1935లో గెలిచి తనూ మూడు వరసగా పూర్తిచేసింది. ఆయన వెళ్లాక వచ్చిన ఈ మూడు టైటిళ్లు (1926, 1934, 1935) రికార్డు పుస్తకాల్లో వేరే మేనేజర్ల పేరున ఉంటాయి, అది న్యాయమే. జట్లు మాత్రం ఆయన కట్టినవి.

లండన్ వెళ్తే ఆయనకు సంబంధించినవి ఏం చూడొచ్చు?

పికాడిల్లీ లైన్‌లో ఆర్సెనల్ స్టేషన్‌లో దిగండి. ప్లాట్‌ఫామ్ గోడ మీద పాత పేరు గిలెస్పీ రోడ్ ఇప్పటికీ టైల్స్‌లో పెద్ద అక్షరాలతో ఉంది. కాసేపు నడిస్తే ఆర్సెనల్ మైదానం ఎమిరేట్స్ స్టేడియం, బయట 2011లో పెట్టిన విగ్రహం. హెండన్‌లో ఆయన ఉన్న ఇంటికి 2005లో నీలి ఫలకం (ప్రముఖులు ఉన్న ఇళ్లకు పెట్టే గుర్తు) బిగించారు. అందులో వేరేవాళ్లు కాపురం ఉంటారు కాబట్టి వీధిలోంచి చూసి రావడమే మర్యాద.